రాత్రి సూది

కోడుమూరులో ఒంటరిగా ఉండే ఉరుకుందమ్మ ఒకప్పుడు నర్సు. ఆమె పిల్లికి చక్కెర జబ్బు వచ్చి ఏడాదైంది. పొద్దున ఒక సూది, రాత్రి ఒక సూది. మందు సీసాను తడి ఇసుక కుండలో దాచాలి, సూదిని నీళ్లలో మరగబెట్టాలి, పిల్లి ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. ఆమె కంటినిండా నిద్రపోయి చాలా రోజులైంది.

"పిల్లికోసరం ఇంత చాకిరీ ఎందుకక్కా? శానా అలిసిపోతాండావు. ఇడిసిపెట్టు" అనేది పక్కింటి ఈరక్క.

"ఇడిసిపెడితే సస్తాది."

ఆ రాత్రి గాలికి నడవలో దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించే ఓపిక లేదు. వంటింటి వెలుగులో మందు కొలుచుకొని వచ్చి, చీకట్లోనే మంచం మీద కూర్చుంది. పిలవకముందే అది వచ్చి ఒడిలో పడుకుంది. రోజూ పెనుగులాడేది, ఈసారి కదల్లేదు. మెడ వెనక చర్మం పట్టుకొని సూది గుచ్చింది. చర్మం చల్లగా తగిలింది. నీరసమేమో పాపం అనుకొని వీపు నిమురుతూ కూర్చుంది.

ఎవరో తలుపు తట్టారు.

"అక్కా, నేను ఈరక్కను. నీ పిల్లి సాయంత్రం నుంచి మా గడ్డివామి కాడే పండుకోనుండాది. సూదికి ఏళైందని ఎత్తుకొచ్చినా. తలుపు తియ్యి."

బయట పిల్లి అరిచింది. అది తన పిల్లి గొంతే.

లేవాలంటే ఒడిలో ఉన్నదాన్ని ముందు దించాలి. ఉరుకుందమ్మ మెల్లగా దాని తోక కోసం తడిమింది. చెయ్యి ఎంత దూరం పోయినా వీపు అయిపోలేదు.