బాల్కనీలో బాబిలోన్

"రాణి దిగులు పడిందని రాజు ఏకంగా తోటే కట్టించాడా?" పప్పు వడ్డిస్తున్న వర్ష చెయ్యి ఆగిపోయింది.

కూతురు, పన్నెండేళ్ల హాసినికి స్కూల్లో ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల మీద ప్రాజెక్టు ఇచ్చారు. పిరమిడ్లు అయిపోయి బాబిలోన్ వేలాడే తోటల దగ్గరికొచ్చింది. పచ్చటి కొండల్లో పుట్టిన రాణి పుట్టింటి మీద బెంగ పెట్టుకుంటే, రాజు మెట్లు మెట్లుగా మిద్దెలు లేపి, పైదాకా నీళ్లెక్కించి చెట్లు పెంచాడట.

"అదృష్టవంతురాలు. నాకు కిటికీ తీస్తే ఇసుకే," అంది వర్ష. "పచ్చగా ఏదైనా కనబడి ఎన్నాళ్లయిందో. ఇలాగైతే నేనిక్కడ ఉండలేనండీ."

ఆ ఆఖరి మాట హరనాథ్ గుండెల్లో కలుక్కుమంది. సౌదీలోని ధహ్రాన్‌లో ఇంజనీరు ఉద్యోగం, చల్లటి క్వార్టరు, దేనికీ లోటు లేదు. కానీ ఆవిడ వీసా వదులుకుని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని పిల్లతో సహా వెళ్లిపోతే ఆ చల్లదనంలో తనొక్కడూ ఏం చేసుకోవాలి? రెండు నెలలు విజయవాడలో పుట్టింటికి వెళ్లి రమ్మన్నాడు. పిల్ల చదువని ఒకసారి, అక్కడ ఎండలని ఒకసారి తప్పించుకుంది. ధహ్రాన్‌లో కూర్చుని విజయవాడ ఎండలకు భయపడే మనిషితో ఏం వాదిస్తాడు?

మర్నాడు ఖాళీ పెయింటు బకెట్లు, రెండు బస్తాల మట్టి తెచ్చాడు. కడియంలో నాన్న నర్సరీ అన్నదమ్ముల పంపకాల్లో అమ్ముడుపోయాక ఆయన మట్టి ముట్టుకోలేదు. ఆ ఊరి మాటే ఎత్తలేదు. ఇప్పుడు భార్య కోసం తప్పలేదు.

బాల్కనీలో పాత ఇనుప అరల్ని మెట్లలా నిలబెట్టాడు. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లను పై బకెట్లోకి మళ్లించి, అక్కణ్ణుంచి చుక్కచుక్కగా కిందికి దింపాడు. బచ్చలి పాకింది, గోంగూర లేచింది. మల్లెకు అంటు ఎలా కట్టాలని వర్ష అడిగింది. చెబుతూ చెబుతూ ఆయన కడియం వెళ్లిపోయాడు. పొద్దున్నే అమ్మ మొక్కలు తడుపుతుంటే లేచే మట్టి వాసన, లారీ ఎక్కే మొక్కల మీద నాన్న కప్పే తడి గోనెలు, అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొస్తే బాధేస్తుందనుకున్నాడు గానీ, హాయిగానే ఉంది.

సాయంత్రాలు వర్ష పక్కన కూర్చుని తుమ్ముతూనే వినేది. ఇసుక దుమ్ము పడట్లేదు లెమ్మనేది. విజయవాడ మూడో అంతస్తులో పెరిగిన మనిషికి పచ్చదనం పిచ్చి ఎక్కడిదా అని ఆయన నవ్వుకునేవాడు. ఏదైతేనేం, ఉండలేనన్న మాట మళ్లీ ఆవిడ నోట రాలేదు.

మార్చిలో మల్లె మొగ్గ తొడిగింది. తొలి మొగ్గలు దోసిట్లో పట్టుకుని హరనాథ్ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. లోపల తల్లీకూతుళ్ల మాటలు వినబడుతున్నాయి.

"అమ్మా, ఏడు వింతల్లో ఆ తోట ఒక్కటే ఎక్కడుందో ఎవరికీ దొరకలేదట. అసలు కట్టారో లేదో కూడా తెలీదట."

"కట్టే ఉంటాడు లేవే."

"చిన్నప్పట్నుంచీ నీకు మొక్కల దగ్గర తుమ్ములేగా. అయినా నాన్న కట్టిచ్చాడు. మరి నీ బెంగ తీరిందా?"

హరనాథ్ గుమ్మం పక్కనే ఆగాడు. వర్ష ముక్కు తుడుచుకుని, చిన్నగా నవ్వింది.

"బెంగ పెట్టుకుంది నేను కాదే, మీ నాన్న."