సాగర్ మీద మిస్డ్ కాల్

సీజన్ మొదట్లో మోహన్ చేతిలో ఉన్నవి పది శాటిలైట్ డబ్బాలు, ఒక అకౌంట్. డబ్బా సబ్బుపెట్టె అంత ఉంటుంది. సెల్ టవర్ అందని చోటునుంచి కూడా బటన్ నొక్కితే మెసేజ్ వచ్చేస్తుంది. డబ్బాకో అకౌంట్ పెడితే గిట్టదు. అందుకని పదింటినీ తన ఫోన్‌లో ఉన్న ఒక్క అకౌంట్‌కే కట్టి, విజయపురి సౌత్‌లో జాలర్లకి అద్దెకిచ్చాడు. వాళ్లు సాగర్ జలాశయం లోపలికి, కొండల మధ్యకి పోతే వారాల తరబడి అక్కడే ఉంటారు.

అద్దెకి తీసుకున్న జాలరి పుల్లయ్య డబ్బాని తిప్పి తిప్పి చూశాడు.

"ఎర్ర బటన్ నొక్కితే మీ ఇంటికీ నాకూ 'ఆపద' అని వస్తది మావా. పావుగంటలో క్యాన్సిల్ చెయ్యకపోతే కంపెనీ పడవ బయల్దేరుద్ది" అన్నాడు మోహన్.

"బాగుండానని చెప్పాలంటే?"

"తెల్ల బటన్. దానికి డబ్బులు పడతయ్."

"ఎర్రది నొక్కి క్యాన్సిల్ చేస్తే?"

"ఏం పడవు."

పుల్లయ్య భార్య వైపు తిరిగాడు. "ఇన్నావా నాంచారీ? రోజూ పొద్దుగూకంగానే ఎర్రది నొక్కి ఆపేస్తా. మిస్డ్ కాలనుకో. వచ్చిందంటే నేను బాగున్నట్టే."

"నీ పీనాసితనం తగలెయ్య" అంది నాంచారమ్మ, నవ్వుతూనే.

"ఆపదతో ఆటలేంది మావా?" అన్నాడు మోహన్. ఎవరూ వినలేదు. మిగతా జాలర్లూ అదే పట్టుకున్నారు. సాయంత్రమైతే అతని ఫోన్ నిండా ఆపదలు, క్యాన్సిళ్లు.

ఒకరోజు కొండలు అనే జాలరి నొక్కి, ఆపడం మరిచి నిద్రపోయాడు. పడవ వెళ్లి ఊరికే తిరిగొచ్చింది. జరిమానా మోహన్ అకౌంట్ మీద పడింది. అద్దెల్లో సగం దానికే పోయింది. మర్నాటి నుంచి మోహన్ ఫోన్ పక్కన పెట్టలేదు.

తర్వాతి వారం, మిట్టమధ్యాహ్నం, నాంచారమ్మ ఫోన్ మోగింది. ఆపద. కాసేపటికి క్యాన్సిల్. మళ్లీ ఆపద. మళ్లీ క్యాన్సిల్. చీకటి పడేదాకా అదే వరస.

"ఇయ్యాల ఇన్నిసార్లేందే?" అంది పక్కింటి సీతమ్మ.

"చేపలు చానా పడ్డట్టున్నయ్ వదినా. సంబరం పట్టలేక నొక్కుతున్నాడు."

మర్నాడు ఏమీ రాలేదు. ఆ పై రోజూ రాలేదు. నాంచారమ్మ మోహన్ దుకాణానికి పరుగెత్తింది.

"ఛార్జింగ్ అయిపోయుంటదిలే అత్తా" అన్నాడు మోహన్.

జాలర్లు వెతుక్కుంటూ పోయారు. రెండు బండల మధ్య కాలు ఇరుక్కుని పుల్లయ్య కనిపించాడు. ఒళ్లు చల్లబడి చాలాసేపయింది. డబ్బా గుప్పిట్లోనే ఉంది.

శవాన్ని ఒడ్డున దించారు.

"అన్నిసార్లు నొక్కినోడు మళ్లీ ఎందుకు ఆపినట్టు?" అన్నాడు కొండలు.

"అలవాటు. చెయ్యి దానంతటదే పోయుంటది" అన్నాడు మోహన్.

నాంచారమ్మ మొగుడి గుండె మీద దబదబా బాదింది. "సచ్చేటప్పుడు కూడా నాలుగు రూపాయలు మిగిల్చావా! ఒక్కసారి ఆపకుండా వదిలితే నీ సొమ్మేం పోయింది?"

మోహన్ తలవంచుకుని, పుల్లయ్య గుప్పిట్లోంచి డబ్బా మెల్లగా తీసుకున్నాడు.

సీజన్ ముగిసేసరికి అతనికి పదికి పది డబ్బాలూ తిరిగొచ్చాయి, రెండో జరిమానా పడలేదు. ఆ మధ్యాహ్నం పుల్లయ్య పంపిన ఒక్కో ఆపదనీ క్యాన్సిల్ చేస్తూ వచ్చింది, దుకాణంలో కూర్చుని తన ఫోన్‌లోంచి, మోహనే.