ఆఖరి బండ

"మమతా, ఒక్కసారి పడమ్మా! వీడియోలో జనం చూసేది అదే!" బండల మీద సైకిల్ దూకించే పోటీ పెట్టించిన సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజర్ కింద నుంచి అరిచాడు.

సురంగల్ గుట్టమీద ఆఖరి బండపై, సీటు లేని సైకిల్‌ను బ్రేకులు బిగించి నిలబెట్టింది మమత. ఇంతవరకూ కాలు కింద మోపలేదు. మోపితే ఓటమే.

తనకు సైకిల్ నేర్పిన అన్న జైపాల్ వైపు చూసింది.

"జర పడు చెల్లె. సారు ఖుషైతడు," అన్నాడు జైపాల్ ఇకిలిస్తూ.

మేనేజర్ మాటకన్నా ఆ ఇకిలింపే ఎక్కువ రోత పుట్టించింది. సైకిల్‌తో కిందికి ఇంకొక్క దూకు దూకితే కప్పు ఆమెదే. కానీ దాన్ని వీళ్ల చేతుల మీదుగానే అందుకోవాలి.

"నేను పడ, అన్నా. దిగుత."

రెండు కాళ్లూ బండమీద మోపింది. సైకిల్ భుజానికెత్తుకుని మొయినాబాద్ రోడ్డు వైపు నడిచింది.