గంటలోపు

పాముల జక్కయ్య పంచాయతీ హాల్లోకి అడుగుపెట్టగానే ముందు వరసలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

సాయిశ్రీ చేతిలో ఇసుకపాము ఉంది. విషం లేనిది. అటవీశాఖ అనుమతితో దాన్ని ఆరేళ్ళుగా బడులకీ ఊళ్ళకీ తిప్పి చూపిస్తోంది. ఒక్కసారి ముట్టుకుంటే చాలు, జనానికి సగం భయం పోతుంది. పోయిన నెల ఇలాంటి ఊళ్ళోనే ఎవరో కర్ర తీసుకుని దాని జతను కొట్టి చంపేశారు. ఆ పెట్టె ఇప్పటికీ వ్యానులో ఖాళీగానే ఉంది.

“పాము కరిస్తే మంత్రం కాదండీ, ఆసుపత్రి. గంటలోపు వెళ్ళిపోవాలి,” అంది.

“ఈయన ముందా ఆ మాట!” పద్మావతమ్మ అనే ఆవిడ చెయ్యి ఊపింది. “మా ఆయన్ని బతికించింది ఈయన మంత్రమేనమ్మాయ్.”

జక్కయ్య కూర్చోలేదు. పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, పిక్కల దాకా బురద. కుడిచేతికి తువ్వాలు చుట్టి పొట్టకు ఆనించుకున్నాడు.

“గంట దాటితే ఏమవుద్ది?” అన్నాడు.

హాలంతా నవ్వింది.

“ప్రాణం మీదికొస్తుందండీ.”

“ఏ ఆసుపత్రికి పోవాలో?”

“అడుగు తాతా, బాగా అడుగు!” వెనకనుంచి ఎవరో అరిచారు.

“పామర్రు అండీ. మందు అక్కడుంది.”

జక్కయ్య నవ్వలేదు. కిటికీలోంచి ఎర్రగా ఉమ్మాడు.

“బయటున్న వ్యాను మీదేనా?”

“అవునండీ.”

“స్టార్ట్ చేసి ఉంచమను.”

నవ్వులు ఆగిపోయాయి.

డ్రైవర్ అష్ఫాక్ సాయిశ్రీ చెవి దగ్గరికి వంగాడు. “మేడం, ఆ తువ్వాల్లో కత్తో ఏదో ఉంది. నేను బండి తీస్తా. మీరు పాముని పట్టుకుని పరుగున వచ్చేయండి.”

అతను వెళ్ళాడు. సాయిశ్రీ పామును సంచీలోకి జార్చింది. మూతికి వేసిన ముడి రెండుసార్లు జారిపోయింది.

“అందరూ ఇళ్ళకు పొండి,” అన్నాడు జక్కయ్య. “ఈ అమ్మాయితో నాకు పనుంది.”

అందరూ లేచి బయటికి నడిచారు. గుమ్మం దగ్గర పద్మావతమ్మ మాత్రం ఆగింది. “చిన్నపిల్ల బాబాయ్. చెయ్యి చేసుకోమాకు.”

ఆమె కూడా వెళ్ళాక జక్కయ్య ఎడమచేత్తో తలుపు మూసి గడియ పెట్టాడు. సాయిశ్రీ వైపు తిరిగాడు. ముఖమంతా చెమట. పళ్ళు ఎర్రగా ఉన్నాయి.

సాయిశ్రీ సంచీని గుండెకు హత్తుకుని గోడ దాకా వెనక్కి జరిగింది. “దీన్నేం చెయ్యొద్దండీ. కావాలంటే నన్ను తిట్టండి.”

జక్కయ్య తువ్వాలు విప్పి, ఉబ్బి నల్లబడిన చేతిని ఆమె ముందుకు చాచి, “రక్తపింజర కరిచి ముప్పావుగంటైందమ్మా, ఊళ్ళో ఎవరికీ చెప్పమాకు, నన్ను బండెక్కించు,” అన్నాడు.