పురుగుల ముసలాయన

ముసలాయన డోనట్‌ను కాఫీలో ముంచబోతుంటే, కప్పులో ఒక గోధుమరంగు రెక్కల పురుగు పడింది.

ఇంకొకటి టోపీ మీద వాలింది. కాసేపటికి చొక్కా నిండా అవే.

"నీకున్న గిరాకీ మా ఊరి పెళ్ళికూతుళ్ళకి కూడా లేదయ్యా!" అన్నాడు ఓరిన్.

హోటల్లో అందరూ నవ్వారు. ఓరిన్ నవ్వలేదు. ఆ పురుగుల పిల్లలు, గొంగళిపురుగులు, రెండేళ్ళుగా అతని ఆపిల్ తోటలో ఆకన్నది లేకుండా తినేస్తున్నాయి. మూడో ఏడూ తింటే చెట్లు చస్తాయి.

ముసలాయన పేరు క్రెస్. వారం క్రితం బర్క్‌షైర్ కొండలెక్కి ఈ ఊరొచ్చాడు. ఓరిన్ తోట చివరి గదిలో అద్దెకు దిగాడు. పగలంతా చెట్ల మధ్య తిరుగుతాడు.

"నువ్వొచ్చాకే ఇవి ఎక్కువయ్యాయి," అన్నాడు ఓరిన్.

"ఇవన్నీ మగవి. నా చుట్టూ తిరిగినంతసేపూ ఆడవాటి దగ్గరికి పోవు, గుడ్లు పడవు. ఈ నెలంతా ఉండనివ్వు."

"ఓహో, మమ్మల్ని ఉద్ధరించడానికొచ్చావా! ముందు స్నానం చెయ్యి."

"కడిగితే పోదు," అన్నాడు క్రెస్.

మళ్ళీ నవ్వులు.

ఆ సాయంత్రమే ఓరిన్ అతని పెట్టె తెచ్చి రోడ్డు మీద పడేశాడు.

"ఉండనీ ఓరిన్. నిన్నేమైనా తిండి పెట్టమన్నాడా?" అంది భార్య వెర్నా.

"నువ్వు లోపలికి పో."

క్రెస్ పెట్టె తీసుకుని బస్సెక్కాడు. పురుగులు కొంతదూరం బస్సు వెంట ఎగిరి, తోటలోకి తిరిగొచ్చాయి.

మరుసటేడు మే నెలలో గొంగళిపురుగులు చిగురు కూడా మిగల్చలేదు. సగం తోట ఎండిపోయింది.

జూలైలో వ్యవసాయ శాఖ నుంచి ఒకామె వచ్చి, మిగిలిన చెట్లకు పురుగుల్ని పట్టే చిన్న అట్టపెట్టెలు కట్టింది. కట్టిందో లేదో పురుగులు మూగాయి.

వెర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అందులో ఏముందమ్మా?"

"ఆడపురుగు వాసనండి, రవ్వంత. తాళానికి దాని చెవి పట్టినట్టు, మగవాటి మీసాలకి ఇదొక్కటే పడుతుంది. తగిలితే ఆగలేవు."

"సగం చెట్లు చచ్చాక గుర్తొచ్చామా మీకు?" అన్నాడు ఓరిన్.

"పోయినేడే మా శాఖ పెద్దాయన మీ ఊరు బయల్దేరాడే! రాలేదా?"

ఓరిన్ నేలకేసి చూశాడు.

"ఎవరూ రాలేదు."

వెర్నా అతని వంక ఒకసారి చూసి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

"ఈ వాసన ఏమిటో కనిపెట్టింది ఆయనేనండి," అందామె ఇంకో పెట్టె కడుతూ. "బతుకంతా ఆడపురుగుల నుంచి చేత్తో తీసి తీసి ఆయన ఒంటికే పట్టేసింది, ఉండనిచ్చే ఊరొక్కటీ దొరక్కుండానే చలికాలంలో పోయాడు."