ఏడాది గోధుమలు

"జోళ్లు కట్టుకోవడం రాదు గానీ, కొండెక్కడానికి బయల్దేరావా?"

వెనకనుంచి గొంతు వినబడి నెవ్యానా తిరిగి చూసింది. అరవై దాటిన మనిషి. గడ్డం నిండా మంచు. ముక్కూ మొహం తెలియనివాడు.

చలికాలమంతా స్తుదెనెత్స్ శిఖరానికి వెళ్లే రోడ్డు మూసేస్తారు. మంచులో దిగబడకుండా కాళ్లకు వెడల్పాటి జోళ్లు కట్టుకుని నడిచిపోవడమే. ఆమె జోళ్ల పట్టీలు మాటిమాటికీ ఊడుతున్న మాట నిజమే. అయితే మాత్రం, వీణ్ని అడిగిందా?

"నీ దారి నువ్వు చూసుకో" అంది.

అతను చూసుకోలేదు. ఆమెను దాటి ముందు నడిచాడు. నడుస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. మబ్బు దిగుతోందట. ఈ వయసులో ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చోక ఇక్కడేం పనట. చచ్చినవాళ్లను మోసుకెళ్లడానికి కింద ఎవరూ ఖాళీగా లేరట.

నెవ్యానా పళ్లు బిగబట్టి నడిచింది. ఆమె సంచిలో ఉడికించిన గోధుమల డబ్బా ఉంది. చక్కెర, అక్రోటు పలుకులు కలిపి పొద్దున్నే లేచి చేసింది. కొడుకు బిసెర్ పోయి ఇవాళ్టికి ఏడాది. ఇరవై రెండేళ్లవాడు, ఈ రోడ్డుమీదే మంచుతుఫానులో చిక్కుకుని పోయాడు.

వాడు ఒంటరిగా పోలేదనీ, చివరిదాకా ఎవరో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారనీ ఆసుపత్రిలో చెప్పారు. ఎవరో మాత్రం తెలియదు. కబురు ఫోనులో చెప్పింది శిఖరం మీది వాతావరణ కేంద్రంలో పనిచేసే స్పాస్ కాబట్టి, అతనే అయ్యుంటాడని ఊళ్లో అందరూ అనుకున్నారు. అతని చేతిలో మొదటి గుప్పెడు పెట్టాలి. బిడ్డ చివరికి ఏమన్నాడో అడగాలి. ఏడాదిగా ఆ కోరికతోనే బతికింది.

పెద్ద మలుపు దగ్గర ముసలాయన ఆగాడు. కర్రతో రోడ్డు అంచు చూపించాడు.

"పోయినేడు ఒక వెధవ ఇక్కడే చచ్చాడు. టోపీ లేదు, సరైన కోటు లేదు. కన్నవాళ్లకైనా బుద్ధుండొద్దా?"

నెవ్యానాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోటు వేసుకోరా అని ఆ పొద్దున ఎందుకు చెప్పలేదా అని ఏడాదిగా తనను తాను తిట్టుకుంటూనే ఉంది. అదే మాట వీడి నోట వినాల్సొచ్చింది. వంగి జోళ్ల పట్టీలు బిగించుకుని మళ్లీ నడిచింది.

శిఖరం చేరేసరికి కేంద్రం గుమ్మంలో తనలాగే కొండెక్కి వచ్చినవాళ్లు నలుగురైదుగురు టీ తాగుతున్నారు. స్పాస్ వెనకవైపు మంచు కొలుస్తున్నాడట, వచ్చేస్తాడన్నారు. నెవ్యానా కొడుకు ఫొటో అరుగుమీద పెట్టి డబ్బా మూత తీసింది. అడగకుండానే అందరికీ అర్థమైంది. టోపీలు తీశారు.

ముసలాయన ఫొటో దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చేతి తొడుగు తీసి దోసిలి పట్టాడు.

"నాక్కొంచెం పెట్టమ్మా."

పోయినవాళ్ల పేరు మీద పెట్టే గోధుమలు చెయ్యి చాచినవాడికి లేదనకూడదు. పగవాడికైనా పెట్టాల్సిందే. నెవ్యానాకు అది తెలియక కాదు.

ఆమె మూత పెట్టేసింది.

"వెధవ అన్నావే, వాడు నా బిడ్డ. వాడి గోధుమ గింజ ఒక్కటి కూడా నీ చేతిలో పడదు."

గుమ్మంలో ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. ఆయన దోసిలి కాసేపు అలాగే ఉంది. "దేవుడు మన్నించుగాక" అని గొణిగాడు. తిన్నాక అనాల్సిన మాట తినకుండానే అని, వెనక్కి తిరిగి మబ్బులోకి దిగిపోయాడు.

నెవ్యానాకు కసి తీరింది. ఏడాదిలో మొదటిసారి గుండె బరువు తగ్గినట్టనిపించింది.

అంతలో స్పాస్ వచ్చాడు. కుర్రవాడే, బిసెర్ కంటే కాస్త పెద్ద. అతని చేతిలో గుప్పెడు గోధుమలు పోసి, ఆ చెయ్యి వదలకుండా పట్టుకుంది.

"నేను బిసెర్ వాళ్లమ్మను నాయనా. చివరికి వాడేమన్నాడు?"

"నాకు తెలియదమ్మా" అన్నాడు స్పాస్. "నేను ఫోను చేశానంతే. మలుపు దగ్గర మీ వాణ్ని ఒళ్లో పెట్టుకుని, ప్రాణం పోయేదాకా మాట్లాడినాయన వేరే. తర్వాత వీపున వేసుకుని ఇక్కడికి మోసుకొచ్చాడు. ఏడుస్తూనే ఉన్నాడు. ఆ రోజునుంచీ ఈ రోడ్డుమీద ఒంటరిగా ఎవరు కనబడినా తిట్టకుండా వదలడు."

నెవ్యానా అతని చెయ్యి వదిలేసింది.

స్పాస్ గోధుమలు నోట్లో వేసుకుని, దేవుడు మన్నించుగాక అని, చుట్టూ చూశాడు.

"ఇందాక మంచు కొలుస్తూ చూశాను, మీకు ముందు నడుస్తూ వచ్చాడే, ఆయనేనమ్మా, మొదటి గుప్పెడు ఆయనకే పెట్టి ఉంటారుగా?"