జామీను సంతకం

"జామీను దొరికిందిరా దామూ. రేపు ఇంటికి పోదాం," అంది సులోచనమ్మ, జైలు ములాఖాతు గదిలో కమ్మీలకు ఇవతల నిలబడి.

కొడుకు ముఖంలో సంతోషం కనబడలేదు. మత్తు సూదులకు బొమికలగూడైన మనిషి, ఇక్కడికొచ్చాక కాస్త ఒళ్లు చేశాడు. చేతుల్లో వణుకు లేదు.

"ఈడ డాక్టరు దినామూ మాత్ర ఇస్తా ఉండాడుమా. దాంతోనే మనిషిగా ఉండా. బయట ఎవురిస్తారు?"

"ఏదన్నా ఆస్పత్రిలో అడుగుదాం."

"ముందే అడిగినాం గదా. పడక లేదని పంపించేసినారు. ఆ వారమే గదా నేను ఎవురిదో మెళ్లో గొలుసు తెంపి పట్టుబడింది."

ఆమె కమ్మీల సందులోంచి వాడి చెయ్యి పట్టుకుంది.

"వైద్యం ముగిసేదాకా ఈడనే ఉంటా. జామీను వద్దనుమా."

గేటు బయట లాయరు కాగితాలు చాపాడు. "సంతకం పెట్టండమ్మా. రేపు బయటికొచ్చేస్తాడు."

ఆ సంతకం పెట్టే రోజు కోసమే ఆమె నెలల తరబడి ఆయన వెంట తిరిగింది.

"వద్దు సార్. వాణ్ణి ఆడనే ఉండనీండి."

లాయరు ఎగాదిగా చూశాడు. "కన్నతల్లివేనా నువ్వు?"

సులోచనమ్మ కాగితాలను పక్కకు నెట్టింది. వాషర్‌మెన్‌పేట బస్సెక్కి ఇంటికొచ్చింది. కొడుకు కోసం పొద్దున పరిచి వెళ్లిన పక్కను చుట్టి, మళ్లీ అటక మీద పెట్టేసింది.